ముట్టకుండా అరగంట

ఉప్పెన తర్వాత ఆరో రోజు

పొద్దున టవరు కింది పరీక్ష గది తెరిచి బల్లలు తుడిచాను. రెండో బల్ల మీద ఎవరో టీ ఒలకబోసి అట్టకట్టేదాకా వదిలేశారు. ఎవరో కాదు, నేనే. ఉప్పెన రోజు లేచి పరుగెత్తినప్పటి టీ అది. పరీక్షకు కొత్త పలకలేవీ రాలేదు. మధ్యాహ్నం వాన.

ఈ పుస్తకంలో రోజూ ఏం చేశానో సిరాతో రాయాలి. కొట్టివేతలు ఉండకూడదు. ఎవరడిగినా చూపించాలి. పద్నాలుగేళ్ళుగా రాస్తున్నాను, ఇంతవరకు అడిగిన పుణ్యాత్ముడు లేడు. అడిగినా రెండు పేజీలకే ఆవులిస్తాడు. పలక ముప్ఫై ఒకటి, పాసు. పలక ముప్ఫై రెండు, పాసు. సంతకం, నూకరత్నం.

సాయంత్రం సన్యాసిరావుగారు గొడుగు దులుపుకుంటూ వచ్చారు. ఆయన ప్రమాణాల సంఘానికి పెద్ద. సముద్రం మీద తేలే మా తొమ్మిది దిమ్మల్లో ఎవరు మాట్లాడుకునే పలక తయారుచేసినా దాని మీద సంఘం ముద్ర పడాలి. ఆ ముద్రకు ముందు నా సంతకం పడాలి.

"మంగతాయారు చావు మీద ఇరవై ఒకటో రోజున విచారణ పెడుతున్నామమ్మా," అన్నారు. "పిలుపు గదిలో ఏసుపాదం ఇళ్ళవైపు ఉప్పెన పిలుపు పంపే లోపలి మీట ఒక్కటే నొక్కాడు. నాచు వరసలవైపు పంపే బయటి మీట మర్చిపోయాడు. అంతకంటే ఏం లేదు."

"రెండూ నొక్కానంటున్నాడు కదండీ?"

"అనడా మరి! బయటి వరసల్లో అరవై నాలుగు పలకలకి ఉప్పెన పిలుపు అందలేదు. అక్కడ మోగిన కొన్నీ లోపలి పిలుపు తాకి మోగినవే అయ్యుంటాయి. టవరు దగ్గర లెక్కుంది. పలకలా, నువ్వు పరీక్షించి పంపినవి. నువ్వు చూసిన పలక మోగకపోవడమనేది ఉండదు. ఇంక మిగిలిందెవరు?"

ఆయన నవ్వారు. నా మీద నమ్మకంతో నవ్వారు. తప్పు రుజువైతే ఏసుపాదం ఇంటి తాడు విప్పుతారని కూడా చెప్పారు. మా దగ్గర అంతకు మించిన శిక్ష లేదు. దిమ్మకు కట్టిన ఇంటి తాడు విప్పితే ఆ ఇల్లు కొట్టుకుపోవలసిందే, ఇంకో దిమ్మ దాన్ని కట్టుకోనివ్వదు. అతనికి భార్య, ఇద్దరు ఆడపిల్లలు.

నేను టీ పెట్టనా అని అడిగాను. నోటికి ఆ మాటే వచ్చింది, ఇంకోటి రాలేదు.

ఎనిమిదో రోజు

ఐదో దిమ్మ నుంచి ఒక పెద్దావిడ పలక తెచ్చింది. మందుబిళ్ళ వేసుకొమ్మని చెప్పే గొంతు వినబడడం లేదట. చూస్తే స్పీకరు నిండా ఉప్పు. సూదితో గీకి ఇచ్చాను.

"మా అబ్బాయి ఏడో దిమ్మలో ఉంటాడండి. ఆడిదో రకం పలక, నాదో రకం. అయినా రోజూ మాట్టాడుకుంటాం. అంతా మీ చలవేనండి," అంది.

చలవ నాది కాదు, ఉమ్మడి ప్రమాణానిది. నా చిన్నప్పుడు ఐదుగురు తయారీదారులు, ఐదు రకాల పలకలు, ఒకదాని మాట ఇంకోదానికి ఎక్కేది కాదు. మా అమ్మ మెడలో రెండు వేలాడేవి, ఒకటి పుట్టింటికి, ఒకటి అత్తింటికి. అత్తింటిది ఎప్పుడూ చార్జి అయిపోయి ఉండేది. సన్యాసిరావుగారి తరం వాళ్ళు కూర్చుని, తిట్టుకుని, అలిగి లేచిపోయి, మళ్ళీ వచ్చి కూర్చుని, పలకలన్నీ ఒకే పద్ధతిలో వినాలి, ఒకే పద్ధతిలో బదులు చెప్పాలి అని రాసుకున్నారు. ఆ కాగితం తర్వాతే మందుల గొంతు వచ్చింది, పడవల కబురు వచ్చింది, నొప్పులు మొదలైతే మంత్రసానిని పిలిచే గుర్తు వచ్చింది. నాలుగు నెలల కిందట ఉప్పెన పిలుపు వచ్చింది. పిలుపు గదిలో మీట నొక్కితే, ఎవరు తయారుచేసిన పలకైనా సరే, అన్నీ ఒక్కసారిగా మోగుతాయి.

అంతకు ముందు ఆ పని మనుషులు చేసేవారు. నాచు పెంచే తాళ్ళ దగ్గర నీళ్ళ రంగు మారితే మొదటి వరసలో వాళ్ళు కేక పెట్టేవారు. రెండో వరస అందుకునేది, అలా పదహారో వరస దాకా. పదహారో వరస నుంచి తిరుగు కేక వినబడేదాకా మొదటి వరసవాళ్ళు పడవ ఎక్కేవారు కాదు. అది మావాళ్ళ కట్టుబాటు. పిలుపు వచ్చాక అది పోయింది. పలక అరుస్తుంటే మనిషి గొంతు చించుకోవడం ఎందుకు?

మంగతాయారు పదహారో వరసలో ఒక్కతే ఉంది. పలకలు మోగని మిగతా అరవై మూడు మంది పక్కవాళ్ళ పలకలు విని పడవలెక్కేశారు. ఆవిడ పక్కన ఎవరూ లేరు. ఆవిడదీ మోగే ఉంటుందని అందరూ అనుకున్నారు. అలా అనుకోవచ్చని వాళ్ళకు చెప్పింది మేమే.

తొమ్మిదో రోజు

ఈ పేజీ పలకల గురించి కాదు, నా గురించి.

పలక నిద్రపోతుంది. ఎవరూ ముట్టకపోతే చార్జి మిగుల్చుకోవడానికి కళ్ళు మూసుకుని, మధ్యమధ్య ఒకసారి తెరిచి టవరు ఏమైనా అంటోందా అని వింటుంది. ఎంతసేపు ముట్టకపోయినా ఇరవై సెకన్లకు ఒకసారి వినాలని ప్రమాణం. టవరు ఉప్పెన పిలుపును నలభై సెకన్ల పాటు పంపుతుంది కాబట్టి, ఇరవై సెకన్లకోసారి వినే పలకకు అది అంది తీరుతుంది. నిజంగా వింటోందో లేదో తేల్చడానికి పరీక్ష కాగితంలో ఒక వాక్యం ఉంది. ఒక్కో పలకనూ విడిగా బల్ల మీద పెట్టి, అరగంట ముట్టకుండా ఉంచి, అప్పుడు పిలుపు పంపాలి.

నేను ఉంచలేదు.

నాకు పని నేర్పిన ఆవిడా ఉంచలేదు. పలకను బల్ల మీద పెట్టగానే వెనక రెండుసార్లు తట్టడం మా గది అలవాటు. తడితే మేలుకుంటుంది, మేలుకున్నది టక్కున బదులిస్తుంది, పని సాగుతుంది. ఆ తర్వాత 'అరగంట ముట్టకుండా ఉంచాను' అన్నచోట టిక్కు పెట్టి సంతకం చేస్తాం. మాటలకూ పాటలకూ దానివల్ల ఏ నష్టమూ రాలేదు. మాట ఒకసారి అందకపోతే ఇంకోసారి పంపుకుంటారు.

ఉప్పెన పిలుపు మొదలుపెట్టే ముందు రెండు వందల పది పలకలు పరీక్షించాలి. వానలు తరుముకొస్తున్నాయి. అరగంట చొప్పున నూట ఐదు గంటలు. నేను నాలుగు రోజుల్లో ముగించాను. సన్యాసిరావుగారు అందరి ముందూ మెచ్చుకుని పూతరేకులు పంచారు. నేను మూడు తిన్నాను.

మంగతాయారు పోయిందని తెలిసిన పూటే గదిలో ఉన్న అన్ని రకాల పలకలూ తీసి, మొదటిసారిగా, అరగంట ముట్టకుండా ఉంచి పిలుపు పంపాను. మూడో దిమ్మలో తయారైన పలకలు మాత్రం మోగలేదు. అరగంట ముట్టకపోతే అవి పది నిమిషాలకోసారి మాత్రమే కళ్ళు తెరుస్తున్నాయి. టవరు లెక్క తెచ్చుకుని చూశాను. అందని అరవై నాలుగూ మూడో దిమ్మవే. ఇళ్ళలో ఉన్నవాళ్ళు పలకను ఏదో ఒక పనికి ముట్టుకుంటూనే ఉంటారు కాబట్టి వాళ్ళవి మోగాయి. నాచు దగ్గర చేతులు తడి. పలకను మైనంగుడ్డ సంచిలో పెట్టి గుంజకు తగిలిస్తారు, మళ్ళీ ఇంటికి బయల్దేరేదాకా ముట్టరు.

ఏసుపాదం రెండు మీటలూ నొక్కాడు. ఆ సంగతి ఇద్దరికే తెలుసు, అతనికీ నాకూ. అతను చెబుతున్నాడు, నేను చెప్పడం లేదు.

పదకొండో రోజు

సన్యాసిరావుగారి ఇంటిదాకా వెళ్ళాను. ఆయన భోజనానికి కూర్చున్నారు. అన్నం ముందు ఇలాంటి మాట ఏం చెబుతాంలే అనుకుని, గుమ్మంలో నుంచే పలకరించి వచ్చేశాను. సాకు దొరకాలే గాని నాకు తెలివికేం తక్కువ లేదు.

తిరిగి వస్తూ ఏసుపాదం ఇంటి మీదుగా నడిచాను. దారి అది కాదు, అయినా నడిచాను. అతన్ని పిలుపు గదిలోకి రానివ్వడం లేదు. ఇంటి ముందు చెక్కల మీద కూర్చుని బాగున్న వలనే మళ్ళీ అల్లుతున్నాడు. అతని భార్య మంచినీళ్ళ పంపు దగ్గర బిందె పెడితే, వెనక వచ్చినవాళ్ళు ఆ బిందెను పక్కకు జరిపి తమవి పట్టుకున్నారు. ఆవిడ చివరిదాకా నిలబడింది.

"రండి రత్నమ్మగారూ," అన్నాడు. "ఇయ్యాల్టికి మా గుమ్మంలో నిలబడ్డ మనిషి మీరే."

"ఆ రోజు ఏం చేశావో ఒకసారి చెప్పు ఏసుపాదం," అన్నాను. నాకు తెలిసిందే అడగడానికి సిగ్గు లేదు.

"ఎడం సేత్తో లోపలిది, కుడి సేత్తో బైటిది, ఒకేపాలి నొక్కానండి. ఆయ్. ఇదిగో, ఇలాగ." గాలిలో రెండు చేతులూ పెట్టి నొక్కి చూపించాడు. చూపించాక తన కుడిచేతి వంక ఒక్క క్షణం చూసుకున్నాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

పదమూడో రోజు

మూడో దిమ్మకు పడవలో వెళ్ళాను. అక్కడ పలకలు తయారుచేసే కొట్టానికి శాంతకుమారి పెద్ద. మేమిద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం. ఆడవాళ్ళు పందొమ్మిది మందిని పెట్టుకుని నడుపుతోంది. వాళ్ళ పలక తేలిక, కింద పడ్డా పగలదు. నాచు పనివాళ్ళలో పదిమందికి ఎనిమిదిమంది దగ్గర అదే ఉంటుంది.

"మీ పలక నిద్రను పది నిమిషాలకు ఎందుకు పెంచారే?" అని అడిగాను.

"నాచు పనోళ్ళే అడిగారు. చార్జి మూడు రోజులు నిలబడాలన్నారు. పెంచి నీకు పంపాం, నువ్వు పాసు చేశావు. తప్పయితే నువ్వే ఆపుదువు కదా, పర్లేదన్నమాట అనుకున్నాం. ఏం, ఏమైందే?"

"ఏం లేదు. వానాకాలం కదా. ప్రమాణంలో ఉన్నట్టు ఇరవై సెకన్లకు తగ్గించెయ్యి, ఎందుకైనా మంచిది."

"అంతేనా? ఒక్క అంకె!" అంది. నాకు పెట్టిన టీ చల్లారకముందే మార్చేసింది. మధ్యాహ్నానికల్లా ఆ దిద్దుబాటు టవరు ద్వారా వెలుగుతున్న మూడో దిమ్మ పలకలన్నిటికీ వెళ్ళిపోయింది, నా పరీక్ష గదిలో ఉన్నవాటితో సహా.

తిరుగు పడవలో కునుకు పట్టింది. వారం తర్వాత మొదటి నిద్ర. ఇక ఎవరూ ఇలా చావరు. ఎవరికీ తెలియనక్కర్లేదు. ఏసుపాదం ఇంటిని కట్టుకోనిచ్చే దిమ్మ ఎక్కడో ఒకటి దొరక్కపోదు అనుకున్నాను. అనుకున్నది అనుకున్నట్టే రాస్తున్నాను. కొట్టివేతలు ఉండకూడదు.

పదహారో రోజు

పొద్దున్నే ఏసుపాదం పరీక్ష గదికి వచ్చాడు. గడ్డం పెరిగింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీకు సెప్పి ఎల్దామనొచ్చానండి. నేను ఒప్పేసుకుంటాను."

"ఏం ఒప్పుకుంటావు?"

"బైటి మీట నొక్కలేదేమోనండి. నొక్కాననే అనుకుంటన్నాను. రోజూ తలుసుకుంటన్నాను. తలుసుకున్నకొద్దీ కుడి సెయ్యి కనపట్టం లేదండి. మీ పలకలైతే తప్పు సెయ్యవు. మరి తప్పు నాదే అయ్యుండాలి కదండీ. వరహాలమ్మ ఎదురు పడితే మొహం ఎత్తలేకపోతన్నాను. ఆవిడ సెల్లెల్ని నేనే సంపేసినట్టుంది."

వరహాలు, మంగతాయారు అక్క. చెల్లెలు తప్ప ఎవరూ లేని మనిషి.

వాళ్ళు ఇంటి తాడు విప్పడం ఒకటి. నేను అతని చేతినే అతనికి కాకుండా చేశాను. తిన్నగా సన్యాసిరావుగారి దగ్గరికి నడిచాను. ఈసారి ఆయన ఏం తింటున్నారో చూడలేదు. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను, తట్టడం, టిక్కు పెట్టడం, పది నిమిషాలు, అరవై నాలుగు.

ఆయన మీసం దువ్వుకున్నారు. "నాచు పనివాళ్ళ దగ్గర ఉండేవే మూడో దిమ్మ పలకలమ్మా. అరవై నాలుగూ అవే కావడంలో వింతేముంది? సరే, ఇప్పుడే పెట్టి చూద్దాం," అన్నారు.

మూడో దిమ్మ పలక ఒకటి తెప్పించి బల్ల మీద పెట్టారు. అరగంట ముట్టలేదు. పిలుపు పంపాం. గణగణా మోగింది.

మోగదా మరి? మూడు రోజుల కిందట నేనే కదా బాగుచేయించాను.

"అది దిద్దిన తర్వాత పలకండీ," అన్నాను. "నేనే దిద్దించాను." నా గొంతు నాకే దొంగగొంతులా వినబడింది.

"నీకు దిగులు పట్టింది రత్నం. ఏసుపాదం ఆడపిల్లల్ని చూసి జాలిపడి ఆ పాపం నెత్తిన వేసుకుందామనుకుంటున్నావు. నీ మంచితనం నాకు తెలియదా? ఇంటికెళ్ళి పడుకో."

జీవితంలో మొదటిసారి నిజం చెబితే మంచితనం అన్నారు.

పద్దెనిమిదో రోజు

దిద్దుబాటు అందింది ఆ రోజు వెలుగుతున్న పలకలకే. ఆ రోజు ఆరిపోయి ఉన్న మూడో దిమ్మ పలక నాకు తెలిసి ఒక్కటే ఉంది. రెండు రోజులు ఆ ఆలోచన నుంచి తప్పించుకు తిరిగాను. ఇవాళ వెళ్ళాను.

వరహాలు ఇంట్లో నాచు ఆరేస్తోంది. నన్ను చూసి పీట వేసింది.

"కూకోమ్మా. సంఘం తరపున వొచ్చావా?"

"కాదక్కా. మంగతాయారు పలక కావాలి."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "సంచి గుంజకే దొరికిందమ్మా. మనిషి పోయింది, అదుంది. ఆ రోజునించీ ఎలిగించలేదమ్మా. దాన్నిండా అది పాడుకున్న పాటలున్నాయి. ఇనలేను. నీకెందుకు?"

పీట మీద నుంచి లేచి, కింద కూర్చుని చెప్పాను. సన్యాసిరావుగారికి చెప్పినంత గబగబా చెప్పలేకపోయాను. అంతా అయ్యాక, "ఏసుపాదం నొక్కాడా?" అంది.

"నొక్కాడక్కా. రెండూ నొక్కాడు."

"నీకెప్పట్నించి తెలుసు?"

"ఆ రోజు నుంచే."

"పద్దెనిమిది రోజులు," అంది. "ఆడి ఇంటి ముందు రోజూ ఉమ్మేసి ఎల్తన్నానమ్మా నేను."

లోపలికి వెళ్ళి మైనంగుడ్డ సంచి తెచ్చింది. నా చేతికి ఇవ్వలేదు. "ఇరవై ఒకటో రోజున నేనే అట్టుకొస్తాను. నువ్వు ముట్టుకోమాక," అంది. ఆమాటే ఎవరైనా నాకు నాలుగు నెలల కిందట చెప్పి ఉండాల్సింది. చెప్పారు, కాగితం మీద. నేను చదవగలను కూడా.

ఇరవై ఒకటో రోజు

వలల కొట్టంలో విచారణ. దిమ్మంతా వచ్చింది. ఏసుపాదం భార్యాపిల్లలతో ఓ మూల నిలబడ్డాడు. సన్యాసిరావుగారు మొదలుపెట్టబోతుంటే నేను లేచి, అందరి పలకలూ చాప మీద పెట్టమన్నాను. గొణుక్కుంటూనే పెట్టారు. ముప్ఫైకి పైగా అయ్యాయి. వరహాలు వచ్చి మధ్యలో మంగతాయారు పలక పెట్టింది. పొద్దున చార్జి పెట్టిందట, నిండుగా ఉంది.

"ఇప్పుడు అరగంట ఎవరూ ముట్టుకోకూడదు," అన్నాను. "ఈలోగా ఇది చదువుతాను."

ఈ పుస్తకం చదివాను. ఆరో రోజు నుంచి, ఉన్నది ఉన్నట్టు. పూతరేకులు చదివినప్పుడు ఎవరో ఛీ అన్నారు. 'ఒక్క అంకె' అన్నది చదివినప్పుడు, మూడో దిమ్మ నుంచి వచ్చిన శాంతకుమారి తల దించుకుంది. బుద్ధిగా ప్రమాణం పుస్తకం చదువుకోవాల్సింది ఆవిడ కూడానేమో, కాని ఆపవలసిన మనిషిని నేను. ఏసుపాదం కుడిచెయ్యి గురించిన పేజీ దగ్గర మంచినీళ్ళు అడిగాను. ఇచ్చినవాళ్ళు లేరు. మళ్ళీ చదివాను.

అరగంట అయింది. సన్యాసిరావుగారు పరీక్ష మీటల పెట్టె తెప్పించి ఏసుపాదం ముందు పెట్టించారు. అతను దగ్గరికి రావడానికి భయపడ్డాడు. భార్య వీపు మీద చెయ్యి వేసి ముందుకు నడిపించింది. ఎడంచెయ్యి లోపలి మీట మీద, కుడిచెయ్యి బయటి మీట మీద. నొక్కాడు.

చాప మీద పలకలన్నీ ఒక్కసారిగా మొత్తుకున్నాయి. పిల్లలు చెవులు మూసుకున్నారు. నలభై సెకన్లు. మధ్యలో ఒక్కటి మాత్రం నల్లగా, చప్పుడు లేకుండా పడి ఉంది.

పిలుపు ఆగింది. వరహాలు వంగి ఆ పలక తీసుకుంది. చెయ్యి తగలగానే అది వెలిగింది.

"ముట్టుకుంటే లేస్తాదా?" అంది.

"లేస్తుందక్కా."

"అరగంటేనా నువ్వు ఉంచాల్సింది?"

"అరగంటే."

"మా సెల్లి రెండు గంటలు గుంజ అట్టుకుని ఉందమ్మా. కెరటాలు ఎక్కువై పడవలు ఎనక్కి ఎల్లలేకపోయాయి. దిమ్మ మీంచి సూశాం. రెండు గంటలు అది అట్టుకోగలిగింది. నీకు అరగంట కుదర్లేదా?"



ఏసుపాదం మీటల పెట్టె మీద నుంచి ఇంకా చేతులు తీయలేదు. కుడిచేతిని చూసుకుంటున్నాడు. అతని దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. "మా పిల్లల్తో సెప్పండి," అన్నాడు. నా వంక చూడలేదు. పిల్లలతో చెప్పాను. చిన్నది తల్లి వెనక దాక్కుంది.

సన్యాసిరావుగారు ముసలివారైపోయారు ఒక్క పూటలో. నా సంతకం రద్దు చేశారు. నా ఇంటి తాడు విప్పాలని నలుగురైదుగురు అరిచారు. చనిపోయిన మనిషి తరపువాళ్ళు సరే అంటేనే విప్పుతారు. అందరూ వరహాలు వంక చూశారు.

"తాడిప్పితే ఎల్లిపోద్ది. ఎల్లిపోతే నాకేటి?" అంది వరహాలు. "ఉండాలి. రెండొందల పది పలకలూ మళ్ళీ పెట్టాలి. నేను ఎదురుగుండా కూకుంటాను. ఒక్కోటీ అరగంట. సంతకం నేను పెడతాను. దాని పుస్తకం కూడా రోజూ నేను సూత్తాను."

పద్నాలుగేళ్ళకు ఈ పుస్తకం అడిగిన మొదటి మనిషి ఆవిడే.

ముప్ఫై నాలుగో రోజు

నాచు తాళ్ళ దగ్గర మళ్ళీ కేకలు మొదలయ్యాయి. పలకలు మోగుతాయి, అయినా పదహారో వరస నుంచి తిరుగు కేక వచ్చేదాకా ఎవరూ పడవ ఎక్కడం లేదు. సంఘం దాన్ని ప్రమాణంలో చేర్చింది. ఏసుపాదం పిలుపు గదికి తిరిగి వెళ్ళాడు. పరీక్ష గది ముందు నుంచే అతని దారి. ఇటు చూడకుండా వెళతాడు.

వరహాలు పొద్దున ఏడింటికి వస్తుంది. బల్లకు అటువైపు కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంటుంది. నేను పలక పెట్టి చేతులు వెనక్కి తీసుకుంటాను. మేము మాట్లాడుకోం. మొదటి రోజు పదో నిమిషంలోనే నా వేళ్ళు వాటంతటవే బల్ల మీదికి పాకాయి, తట్టడానికి. ఆవిడ చూసింది. నేను చేతుల మీద కూర్చున్నాను.

అరగంట ఇంత పెద్దదని నాకు తెలియదు. గోడ మీద ఎండ జానెడు జరుగుతుంది. బయట రెండు పడవలు వస్తాయి, ఒకటి పోతుంది. మంగతాయారు పదహారో వరసలో నీళ్ళలో నిలబడి, పని చూసుకుంటూ, గుంజకు వేలాడుతున్న సంచి వంక ఎన్నిసార్లు చూసి ఉంటుందో అనుకుంటాను. ఒక్కసారైనా ముట్టుకుని ఉంటే? ముట్టుకోవలసిన పని ఆవిడకేం ఉంది? మోగుతుందని నేను సంతకం పెట్టాను.

ఇవాళ నూట ముప్ఫై ఏడో పలక. అరగంట గడిచింది. మోగింది. వరహాలు కలం తీసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. సిరా ఆరేదాకా ఊదింది.

"తర్వాతది పెట్టు," అంది.